తెల్లగుర్రం ఎడమ గిట్ట

పద్నాలుగేళ్లు ఒక పెద్ద ఆసుపత్రిలో సర్జికల్ వార్డు నర్సుగా పనిచేశాక, మోకాళ్లు మొరాయించి, నానక్‌రామ్‌గూడలో ఒక ఐటీ టవర్ కింది అంతస్తులోని ప్రథమ చికిత్స గదికి మారాను. రెండు మంచాలు, ఒక బీపీ మిషను, ఒక అలమర నిండా మాత్రలు. పొద్దున తొమ్మిదింటికి తలుపు తీస్తే సాయంత్రం ఆరింటి దాకా వచ్చేవాళ్లందరివీ ఇంచుమించు అవే బాధలు: తలనొప్పి, మెడనొప్పి, కళ్ల మంట, గ్యాసు. అందరూ మంచి పిల్లలే. మాత్ర ఇచ్చి "కాసేపు లేచి నడవండమ్మా" అంటే "ష్యూర్ సిస్టర్" అని తలూపి, లిఫ్టెక్కి వెళ్లి మళ్లీ కూర్చునేవాళ్లు.

నా చేతులకు అసలైన పని లేకుండా పోయిందని లోలోపల దిగులుగా ఉండేది. కుట్లు విప్పడం, కట్లు కట్టడం, చీము తీసి గాయం కడగడం నాకు ఎంతో ఇష్టమైన పనులు. ఈ మాట ఎవరితో అన్నా విడ్డూరంగా చూసేవాళ్లు. మా ఆయనైతే "భోజనాల దగ్గర మాత్రం అనకు తల్లీ" అని దణ్ణం పెట్టేవాడు.

మా ఇల్లు ప్రగతి నగర్‌లో. బస్సు దిగి, షేర్ ఆటో ఎక్కి, ఆటో దిగాక పాత ఊరి సందులోంచి టవర్‌కి నడిచేదాన్ని. ఆ సందులో రెండు అద్దాల భవనాల మధ్య ఇంకా నాలుగైదు పాత ఇళ్లు మిగిలి ఉన్నాయి. వాటిలో ఒకదాని పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో రెండు గుర్రాలు. ఒకటి తెల్లది, ఒకటి గోధుమరంగుది. పెళ్లి బారాత్‌లకు పంపే గుర్రాలవి. చూసుకునేది నా ఈడు ఆడమనిషి. వాళ్ల నాన్న గుర్రాలు పెంచేవాడట. ఆయన పోయాక అన్నదమ్ములు క్యాబులు కొనుక్కుంటే, ఈమె మాత్రం గుర్రాలను వదల్లేదు. నేను అక్కా అని పిలిచేదాన్ని. నా తెల్లకోటు చూసి ఆమె నన్ను సిస్టర్ అనేది. రోజూ "టిఫిన్ జేసిన్రా సిస్టర్?" అంటే "అయిందక్కా" అనడం, అంతవరకే మా పరిచయం.

ఒకసారి వారం రోజులు ఏకధాటిగా వాన కురిసి తెరిపిచ్చింది. ఆ ఉదయం సందులోకి వచ్చేసరికి అక్క బోర్లించిన బకెట్ మీద కూర్చుని కొంగుతో కళ్లొత్తుకుంటోంది. ఎదురుగా తెల్లగుర్రం మూడుకాళ్ల మీద నిలబడి ఉంది. ముందరి ఎడమకాలిని కొస మాత్రం నేలకు ఆనించి, తల వేలాడేసుకుని.

"ఏమైందక్కా?"

"ఏం జెప్పాలె సిస్టర్. రాత్రి మంచిగనే గడ్డి తిన్నది. పొద్దుగాల లేచి జూస్తే గిట్ల నిలవడ్డది. కాలు కింద పెడ్తలేదు. గా ఆటో ఆయన జూసి, కాలు ఇరిగింది, ఇగ దీని పని అయిపోయింది అన్నడు."

గుర్రాల గురించి నాకు ఏమీ తెలియదు. కానీ బాధపడే మనిషిని చూడటం తెలుసు. ఎముక విరిగినవాడు కదిలితే అరుస్తాడు. చీము పట్టినవాడు కదలకుండా పడుకున్నా, నాడి కొట్టుకున్నప్పుడల్లా మూలుగుతాడు. ఈ గుర్రం కదలటం లేదు, ఎవరూ తాకటం లేదు, అయినా దాని ముక్కుపుటాలు ఒక లయలో అదిరిపడుతున్నాయి. నాకు అనుమానం వచ్చింది.

"కాస్త పట్టుకోండక్కా, ఒకసారి చెయ్యి పెట్టి చూస్తాను."

అక్క పగ్గం పట్టుకుంది. నేను బ్యాగు గోడకు ఆనించి, మోకాళ్లను బతిమాలుకుని కింద కూర్చున్నాను. భుజం దగ్గర్నుంచి మెల్లగా చెయ్యి కిందికి జార్చాను. ఎక్కడా వాపు లేదు, ఎక్కడ నొక్కినా గుర్రం ఉలికిపడలేదు. గిట్ట దాకా వచ్చాక మాత్రం నా అరచెయ్యి ఆగిపోయింది. అప్పుడే పొయ్యి మీంచి దించిన పాలగిన్నెలా కాలుతోంది. కుడిగిట్ట పట్టుకుని చూశాను, చల్లగా ఉంది. ఎడమగిట్టకు కొంచెం పైన, వెనకవైపు రెండు వేళ్లు పెట్టి వెతికితే నాడి దొరికింది. వేళ్లను తన్నేస్తున్నట్టు కొట్టుకుంటోంది.

"అక్కా, నాకు గుర్రాల సంగతి తెలియదండీ. కానీ మనిషికి ఇలా ఉంటే గోరుచుట్టు అంటాం."

"గోరుచుట్టా? గుర్రానికా?"

"గోరుందిగా మరి. ఇంతలావు గోరు!"

అక్క కన్నీళ్ల మధ్యనే ఫక్కున నవ్వింది.

పశువుల దవాఖాన డాక్టరమ్మకు ఫోన్ చేశాం. ఆమె ఏదో ఊళ్లో క్యాంపులో ఉంది. ఫోన్ నేను తీసుకుని, వార్డులో పెద్ద డాక్టరుకు చెప్పినట్టు వరసగా చెప్పాను: ఏ కాలు, ఎప్పట్నుంచి, వేడి ఎక్కడ, నాడి ఎలా ఉంది. ఆమె అంతా విని, "గిట్టలో చీము గడ్డ అయ్యుంటుంది. వానలకు గిట్ట మెత్తబడి ఇసుక దూరుతుంది. మీకు లాడాలు కొట్టే మనిషి ఉన్నాడా?" అని అడిగింది.

"ఉన్నడు మేడం, మా నాయిన కాలం సంది చాచానే వస్తడు" అంది అక్క.

"అయితే ఆయన్ను పిలవండి. చిన్న దారి చేసి చీము బయటికి రానిస్తే చాలు. రక్తం రాకూడదు, లోతుకు వెళ్లొద్దని చెప్పండి. ధనుర్వాతం సూది రేపు పొద్దున నేను తెస్తాను."

మధ్యాహ్నం నా గదికి తాళం వేసి, లంచ్ డబ్బా కూడా తెరవకుండా సందులోకి పరిగెత్తాను. అప్పుడే పాతబస్తీ నుంచి చాచా స్కూటర్ మీద వచ్చాడు. డెబ్బై దాటిన సన్నటి మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, నడుముకు తోలుగుడ్డ, గోనెసంచీలో పనిముట్లు. ఇన్నేళ్లలో ఎన్ని గుర్రాల కాళ్లు ఒళ్లో పెట్టుకున్నాడో, నిలబడినా వీపు కొంచెం వంగే ఉంది.

"డాక్టరమ్మవా బేటీ?" అన్నాడు నా కోటు చూసి.

"కాదు చాచా, నర్సుని. మనుషులకు."

"మనుషులకు కాళ్లు రెండే గదా. నీ పని అల్కగుంటది."

గుర్రం మెడ మీద తట్టి, దాని చెవిలో ఏదో ఉర్దూలో మాట్లాడి, ఎడమకాలిని ఎత్తి రెండు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. అది అరక్షణం బిగుసుకుని, ఎరిగిన చెయ్యి అని తెలిసిందేమో, కాలు వదిలేసింది. చాచా లాడం మేకులు ఒక్కొక్కటే పీకి, లాడం తీసి పక్కన పెట్టాడు. మట్టీ పేడా గీకేసి, తడిగుడ్డతో తుడిచాడు.

అప్పటిదాకా గిట్ట అంటే ఒక మొద్దు అనుకున్నాను. చెప్పుకింది మడమ లాంటిదేదో అని. తుడిచాక చూస్తే లోపల ఒక ఇల్లే కట్టి ఉంది. నేను వంగి వంగి చూడటం చాచాకు నచ్చినట్టుంది. వంపు కత్తి కొసతో ఒక్కొక్కటే చూపించాడు.

"గిది గోడ. బయటికెళ్లి కనవడేది గిదే. నీ గోరు లెక్కనే, కోస్తే నొయ్యది. ఎంటికలు ఆగిపోయే గీ అంచు కాడ పుట్టి కిందికి పెరుగుతది. పైకెళ్లి కింది దాక రావాలంటే ఏడాది పడ్తది. బరువు ఎక్కువ మోసేది గిదే."

"మరి అరికాలు?"

"తల్వా అంటం. జూడు, సాపుగ లేదు. జర లోపలికి వంగి ఉన్నది, గిన్నె బోర్లిచ్చినట్టు. రాయి తాకొద్దని అల్లా గట్ల చేసిండు."

గోడకూ అరికాలికీ మధ్య సన్నటి పాలిపోయిన గీత ఒకటి చుట్టూ తిరిగి ఉంది, మైనం పూసినట్టు. "గీ రెండిటిని కలిపి కుట్టిన దారం ఇది. నాకు రస్తా కూడ ఇదే. మేకు గీ గీతకు బయటనే కొట్టాలె. లోపటికి పోయిందా, పాణం మీద కొట్టినట్టే."

వెనకవైపు, రెండు మడమల మధ్య, మూడుమూలల మెత్తటి దిమ్మె ఉంది. చాచా నా బొటనవేలు పట్టుకుని దాని మీద నొక్కించాడు. రబ్బరులా లోపలికి పోయి మళ్లీ పైకొచ్చింది. "గిది పుత్లీ. గుర్రం దూకితే దెబ్బ గిది మింగుతది. గోడ బరువు మోస్తది, పుత్లీ దెబ్బ మోస్తది. దీని మీద మెత్త ఉంటది, మెత్త పక్కపొంటి ఎముక ఉంటది."

"ఎముక గిట్ట లోపల దేనికి ఆనుకుని ఉంటుంది చాచా?"

ఆయన కత్తి నోట కరుచుకుని, రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి చూపించాడు. తర్వాత కత్తి తీసి, "ఆనుకోదు బేటీ, ఏలాడ్తది. ఎముకకు సన్నసన్న మడతలు, గోడకు లోపట గట్లనే మడతలు, వందలు వందలు. ఒకదాన్నొకటి పట్టుకోని ఉంటయి. గీ పట్టు ఇడిస్తే ఇగ గుర్రం లేదు" అన్నాడు. ఆ మాటకు అక్క మొహం వాడిపోవడం చూసి, వెంటనే, "దీనికి గది కాలే, ఫికర్ జెయ్యకు బిడ్డా" అన్నాడు.

తర్వాత పెద్ద పటకారు తీసి గిట్ట చుట్టూ కొంచెం కొంచెంగా జరుపుతూ నొక్కుకుంటూ వచ్చాడు. ముందువైపు నొక్కాడు, గుర్రం పట్టించుకోలేదు. లోపలివైపు నొక్కాడు, ఏమీ లేదు. బయటివైపు మూడోమేకు పీకిన చోట నొక్కగానే గుర్రం ఒళ్లంతా జలదరించి కాలు గుంజుకుంది.

"దొరికిండు దొంగ" అన్నాడు చాచా.

ఆ తెల్లగీత మీద చూస్తే ఆవగింజంత నల్లమచ్చ ఉంది. కత్తి కొసతో పొర పొరగా, పెసరపప్పు పొట్టు తీసినంత సన్నగా తీస్తూ ఆ మచ్చ వెంట వెళ్లాడు. నేను ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో గాజుగుడ్డ పట్టుకుని ఊపిరి బిగబట్టాను. ఎన్నాళ్లయిందో అలా నిలబడి! ఒక్కసారిగా చిన్న బుడగ పేలినట్టు చప్పుడై, నల్లగా, బూడిదరంగుగా చీము చిమ్మి సరాసరి నా కోటు మీద పడింది. భరించలేని వాసన.

"వచ్చింది!" అని ముగ్గురం ఒకేసారి అరిచాం. సందులో వెళ్తున్నవాళ్లు, లాటరీ తగిలిందా అన్నట్టు ఆగి చూశారు.

"రక్తం లేదు కదా చాచా?"

"చుక్క లేదు."

గుర్రం పెద్దగా ఊపిరి వదిలింది. తల ఇంకా కిందికి దించి, పెదాలు ఆడించి, కళ్లు సగం మూసింది. కుట్టు విప్పగానే రోగులు పెట్టే మొహమే అది, గుర్తుపట్టాను. గోరువెచ్చటి ఉప్పునీళ్లలో గిట్ట నానబెట్టాం. కాసేపటికి తనంతట తానే ఆ కాలిమీద కొంచెం బరువు వేసి నిలబడింది. అక్క దాని మెడ పట్టుకుని ముద్దులు పెట్టి, ఆ ఊపులో వచ్చి నన్ను కూడా కౌగిలించుకుంది, చీముకోటుతో సహా.

టవర్‌కి తిరిగొచ్చేసరికి నా గది ముందు ఒక అబ్బాయి తలపట్టుకుని కూర్చున్నాడు. లోపలికొచ్చి, ముక్కు ఎగబీల్చి, "సిస్టర్, ఏదో స్మెల్ వస్తోంది" అన్నాడు.

"గుర్రం చీము నాన్నా. కోటు మార్చుకుంటున్నా, ఆగు."

"పర్లేదు సిస్టర్, తగ్గిపోయింది" అని మాత్ర తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

మరునాడు పశువుల డాక్టరమ్మ వచ్చి, సూది వేసి, గిట్ట చూసి, "ఇంత శుభ్రంగా ఎవరు చేశారు?" అని చాచాను మెచ్చుకుంది. రోజూ నానబెట్టి, మందు దూది పెట్టి, తడి తగలకుండా కట్టు కట్టమంది. గిట్టకు కట్టు నిలవాలంటే పిల్లల డైపర్లు భేషుగ్గా పనికొస్తాయని కూడా ఆమే చెప్పింది.

సాయంత్రం మందుల షాపుకెళ్లి డైపర్లు అడిగాను. "పాప వయసెంత మేడం?" అన్నాడు షాపతను.

"తొమ్మిదేళ్లు."

అతను జాలిగా చూసి, "బరువు ఎంతుంటుంది?" అన్నాడు.

"మూడొందల యాభై కిలోలు ఉండొచ్చండీ."

షాపులో ఉన్న నలుగురూ నావైపు తిరిగారు. సంగతి చెప్పాక షాపతను పడీపడీ నవ్వి, అన్నింటికన్నా పెద్ద సైజు ప్యాకెట్టు తీసిచ్చాడు. టవర్‌లో ఏసీ పని చూసే అతన్ని అడిగి వెండిరంగు టేపు ఒక చుట్ట తెచ్చుకున్నాను. ఎనిమిది రోజులు పొద్దున డ్యూటీకి ముందు ఒకసారి, సాయంత్రం బస్సుకు ముందు ఒకసారి, తెల్లగుర్రానికి కట్టు మార్చాను. మా ఆయన పొద్దున్నే నన్ను బస్సెక్కిస్తూ, "పెళ్లయ్యాక నువ్వింత హుషారుగా డ్యూటీకెళ్లడం ఇదే చూడ్డం" అన్నాడు.

ఆ నెల మా ఆఫీసువాళ్లు ఆరోగ్యం మీద మాట్లాడమని మళ్లీ నన్నే అడిగారు. అంతకుముందు నెల వెన్నెముక గురించి మాట్లాడితే తొమ్మిదిమంది వచ్చారు, అందులో సగం మంది సమోసాల కోసం. ఈసారి గుర్రం గిట్ట గురించి చెబుతానన్నాను.

"గుర్రం ఏంటి సిస్టర్? జోకా?" అంది ఆ ఏర్పాట్లు చూసే అమ్మాయి.

"కాదమ్మా, నిజంగానే. చెప్పేది కూడా నేను కాదు."

చాచా ఇస్త్రీ చేసిన తెల్ల కుర్తా వేసుకుని వచ్చాడు. గేటు దగ్గర సంచీ మిషన్‌లో పెట్టగానే అది గుయ్యిమంది. సెక్యూరిటీ అతను సంచీ తెరిచి నాలుగు లాడాలు, గుప్పెడు మేకులు, ఆకురాయి, కత్తి బల్లమీద పరిచి, "ఏంది తాతా గిదంత?" అన్నాడు. కత్తిని గేటు దగ్గరే ఉంచుకుని మిగతావి ఇచ్చేశాడు. విజిటర్ కార్డు మెడలో వేసుకుని లిఫ్టు అద్దంలో తనను తాను చూసుకుని చాచా గడ్డం సవరించుకున్నాడు.

క్యాంటీన్ హాలు నిండిపోయింది. డైపర్ల కథ అప్పటికే అన్ని అంతస్తులకూ పాకిందట. చాచా గోడ, తల్వా, తెల్లగీత, పుత్లీ అన్నీ చెప్పాడు, గుర్రానికి మోకాలి కింద కండే ఉండదనీ చెప్పాడు. వేళ్లు దూర్చి చూపిస్తే హాలు మొత్తం వేళ్లు దూర్చుకుంది. చాచా జేబులో పొట్లం కట్టి తెచ్చిన గిట్ట చెక్కుముక్కలు చేతులు మారాయి. ఒకమ్మాయి వాసన చూసి వెంటనే పక్కవాళ్లకిచ్చేసింది.

వెనక నుంచి ఒకబ్బాయి లేచి అడిగాడు. "సర్, గుర్రం మోకాలి కింద కండ ఉండదన్నారు కదా. మరి అంత కిందికి దిగిన రక్తం మళ్లీ పైకి ఎలా వెళ్తుంది?"

చాచా ముందు నావైపు చూశాడు. సర్ అన్నది తననేనా అన్నట్టు. నేను తలూపాక అన్నాడు.

"మంచిగడిగినవ్ బిడ్డా. అడుగేసినప్పుడల్లా పుత్లీ నొక్కుకుంటది, దాని మీది మెత్త నొక్కుకుంటది, గోడ జర పక్కలకు ఇచ్చుకుంటది. గా నొక్కుడుకు నెత్తురు మీదికి ఎగజిమ్ముతది. కాలు లేపితే మళ్ల నిండుతది. నడిస్తెనే గిదంత. గందుకే నేను గుర్రపోళ్లకు ఒక్కటే చెప్త, కట్టేసి ఉంచకున్రి, తిప్పున్రి అని." హాలంతా కలియజూశాడు. "మీరు పొద్దంత కుర్చీల కట్టేసినట్టు కూసుంటరంట గదా? సిస్టర్ చెప్పింది."

హాలు గొల్లుమంది. ముందు వరసలో ఒకమ్మాయి నవ్వుతూనే లేచి నిలబడింది. పక్కనున్నవాళ్లు లేచారు. చూస్తూండగానే అందరూ లేచి, కుర్చీల మధ్య గుర్రాల్లా అక్కడక్కడే అడుగులు వేయడం మొదలుపెట్టారు. నా మాటకు ఒక్కరూ లేచింది లేదు. చాచా ఒక్క మాటతో వందమందిని లేపాడు. నాకు కుళ్లు రాలేదు సరికదా, కళ్లలో నీళ్లు తిరిగాయి.

టీ వేళకు సగం మంది మా వెంట సందులోకి దిగారు. అక్క తెల్లగుర్రాన్ని కడిగి, జూలు దువ్వి, పూసల దండ వేసి నిలబెట్టింది. "ఒక్కొక్కరు రాన్రి, ఎనకకు పోకున్రి, తంతది" అని కండక్టరులా వరస పెట్టించింది. క్యారెట్లు తెచ్చినవాళ్లు క్యారెట్లు పెట్టారు. గుర్రం నాలుగుకాళ్ల మీదా సమంగా నిలబడి, అందరి చేతులూ వాసన చూసి, ఒకబ్బాయి ఐడీ కార్డు తాడు నమలబోయింది.

తర్వాతి వారం చాచా ఎడమకాలికి కొత్త లాడం వేశాడు. ఇంకో వారానికి అది ఒక పెళ్లికి వెళ్లొచ్చింది. మరునాడు అక్క ఫోన్‌లో వీడియో చూపించింది. బ్యాండు ముందు తెల్లగుర్రం అడుగులేస్తోంది, పైన పెళ్లికొడుకు బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉన్నాడు. నేను పెళ్లికొడుకును చూడలేదు, ఎడమ గిట్టనే చూశాను. ఎక్కడా తడబాటు లేదు.

ఇప్పుడు నెలకోసారి ఆదివారం చర్చి అయ్యాక, చాచా వచ్చే రోజున నేనూ వెళ్తున్నాను. మొన్న ఆయన ఆకురాయి నా చేతికిచ్చి, "నేను గోడ కోస్త, నువ్వు అంచు నున్నగ జెయ్యి" అన్నాడు. గోధుమరంగు గుర్రం కాలు చిన్న ముక్కాలిపీట మీద పెట్టించి, నా పక్కన కూర్చున్నాడు. నేను రాకుతుంటే గిట్ట గోడ మీంచి తెల్లటి పొడి నా చీర మీద రాలింది. రెండు నిమిషాలకు ఆ గుర్రం తన తల తెచ్చి నా వీపుమీద బరువంతా ఆన్చి నిద్రకు పడింది.

"చాచా, బరువుగా ఉంది, తియ్యమనండి!"

"నిన్ను గోడ అనుకున్నది బేటీ" అన్నాడు చాచా. "కదలకు. పడుకోనియ్యి."

అక్క టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయి నవ్వుతోంది. నేను కదలకుండా, మెల్లగా రాకుతూనే ఉన్నాను.